లోతు జేబు

పిల్లికి ఏదో పెట్టింది పైన పావురాలు పెంచే ఆయనేనని ఇస్త్రీ ఆమె పాలాయనతో అందట. కిటికీ గట్టు మీది గిన్నెలో పాలు పోస్తూ, పాలాయన ఆ మాట అక్క చెవిలో కూడా పోసి పోయాడు. పాలు ఎప్పటిలాగే పలచన. మాట మాత్రం చిక్కగా ఉంది.

"మాంసం ముక్కలో మందు పెట్టి మెట్ల మీద పడేశాడట. ఇస్త్రీ ఆమె కళ్ళారా చూసిందట," అంది అక్క.

"చూసిన మనిషి అప్పుడే అరవొచ్చుగా?" అంది చెల్లెలు, అక్క నడుం కింద చేయి దూర్చి పక్కకు తిప్పుతూ.

"చేతిలో ఇస్త్రీ పెట్టె ఉందేమో. నన్నడుగుతావేంటే?"

అక్క కుడివైపు శరీరానికి బరువే గానీ సాయం లేదు. ఆ వైపును గోడకేసి ఒరిగించాలంటే చెల్లెలు మంచం పట్టె మీద మోకాలు ఆనించి, ఊపిరి బిగపట్టి, ఒక్క ఊపులో తిప్పాలి. తిప్పాక పాత దుప్పటిని చుట్టగా చుట్టి వీపు కిందికి తోసి, కొత్తదాన్ని దాని వెనకే పరిచి, మళ్ళీ ఇటు తిప్పి లాగాలి. వీపు తడిగుడ్డతో తుడిచి, ఎముక తగిలే చోట్ల పౌడరు అద్దాలి. ఇదంతా అయ్యేలోపు అక్క ఊళ్ళో వాళ్ళందరినీ ఒకసారి తిట్టేస్తుంది. పక్షవాతం వచ్చినప్పుడు నోరు పడిపోయి, మెల్లగా తిరిగొచ్చింది. తిరిగొచ్చిన మాటల్లో ముందు వరసలో ఉన్నవి తిట్లే.

రోజూ ఈ పని జరుగుతున్నంతసేపూ దొర మంచం కాళ్ళవైపు కూర్చుని మేస్త్రీలా పర్యవేక్షించేవాడు. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి ఛాతీ, పిలిస్తే ఒక్కనాడూ రాని పొగరు. అందుకే ఆ పిల్లికి అక్క దొర అని పేరు పెట్టింది. ఇవాళ దొర మంచం కింద ఉన్నాడు. నీళ్ళ చిప్ప ముందు ముంగాళ్ళు మడుచుకుని, మూతి నీళ్ళకు ఆనేంత వంచి, తాగకుండా చూస్తున్నాడు. మొన్న నురగ కక్కాడు. నిన్న పొద్దున కాస్త తేరుకుని చిప్పలు చిప్పలు నీళ్ళు తాగితే, బతికాడు దొర అనుకున్నారు. సాయంత్రానికి మళ్ళీ వాలిపోయాడు. రాత్రంతా ఒక్కసారీ ఉచ్చ పోయలేదు.

"పో, పైకి పోయి అడుగు," అంది అక్క. "నాకు కాలుంటే నేనే పోదును. ఈ పాటికి వాడి పావురాలన్నిటికీ ఈకలు పీకేసి వచ్చేదాన్ని."

"పనికి ఆలస్యమవుతుందక్కా."

"వీడు పోతే పగలంతా నాతో ఎవరుంటారే? ఆ ఫ్యానా?"

చెల్లెలు పౌడరు డబ్బా మూత బిగించింది. పొద్దున తను వెళ్ళిందగ్గర్నించి సాయంత్రం వచ్చేదాకా ఆ గదిలో అక్కకు మనిషి అలికిడి అంటే మధ్యాహ్నం ఇస్త్రీ ఆమె వచ్చి నాలుగు ముద్దలు తినిపించి, మరుగు పళ్ళెం మార్చి పోవడమే. మిగతాదంతా దొరే. అక్క తిడుతుంది, దొర వింటాడు. అక్క ఎడమ చేయి వాడి వీపు మీద అలా తిరుగుతూనే ఉంటుంది. కుట్టుపని చేసిన చేయి, ఖాళీగా ఉండలేదు.

అయితే కొన్నాళ్ళుగా దొరకొక కొత్త బుద్ధి పట్టుకుంది. చెల్లెలు గడప దాటగానే కిటికీలోంచి దూకి ఆమె వెనకాలే వీధి మలుపు దాకా వచ్చేవాడు. అక్కడినుంచి ఎటుపోయేవాడో, చీకటి పడ్డాకే ఇంటికి చేరేవాడు. "దొరగారికీ ఆఫీసుంది," అంది అక్క ఒకసారి. నవ్వుతూనే అంది. ఆ నవ్వు చెల్లెలికి నచ్చలేదు. అందుకే, ఈమధ్య తను పనిచేసే దుకాణంలో కొత్త ఏప్రాన్లు ఇచ్చి పాతవి పారెయ్యమన్నప్పుడు తనది మడిచి ఇంటికి తెచ్చింది. తెచ్చి మంచం కాళ్ళవైపు పరిచింది. దాంట్లో తన వాసన ఉంటుంది కదా, దొర కదలడు అనుకుంది. అలాగే అయింది. దొర దాన్ని పాదాలతో పిసికి పిసికి, గుంట చేసుకుని, అందులోనే చుట్టచుట్టుకుని, పగలంతా అక్కను వదల్లేదు. అక్క ఆ రెండు పూటలూ ఎంత సంబరపడిందో. "చూడవే, దొరగారు మీసాలకు రంగేయించుకున్నారు," అని పిలిచి మరీ చూపించింది. గడ్డం కింద, మీసాల దగ్గర నారింజ రంగు. చెల్లెలు కూడా నవ్వింది. నవ్వి, పొడిగుడ్డతో దులిపింది.

మేడ మెట్ల మలుపులో పావురాలాయన ఒక చేతిలో పావురంతో, రెండో చేత్తో గింజలు చల్లుతూ కనిపించాడు. చెల్లెలు ఆయనతో ఎప్పుడూ రెండు మాటలకు మించి మాట్లాడింది లేదు.

"మా దొరకేం పెట్టారు?"

"పెట్టడం ఏంటమ్మా?"

"వాడు మీ పావురం పిల్లను పట్టుకెళ్ళిన రోజు, దీని అంతు చూస్తానని అరిచారు. ఇల్లంతా వింది."

"అరిచాను. చెప్పు కూడా విసిరాను," అన్నాడాయన. "తగల్లేదు. అంతకుమించి ఏం చెయ్యలేదమ్మా, ఒట్టు."

ఆయన కళ్ళలోకి చూసి ఉంటే అక్కడే ఆగిపోయేది. చూడలేదు. "మంచంలో ఉన్న మనిషికి అదొక్కటే తోడు. మీ పావురాలకు కూడా ఎవరో ఒకరు పెడతారు లెండి," అనేసింది. అన్నాక చెవులు వేడెక్కాయి. ఆయన చేతిలో ఉన్న పావురం తలను అరచేత్తో కప్పాడు, ఆ మాట దానికి వినపడకూడదన్నట్టు.

దుకాణం ముందువైపు అద్దాలు, వెనకవైపు వల కింద పూలమళ్ళు. పూలు అక్కడ కోసి, ఇక్కడ కట్టి అమ్ముతారు. చెల్లెలి పని ఈ రెంటికీ మధ్య, సిమెంటు గచ్చు మీద బకెట్ల వరస ముందు. మాలల్లో కట్టే సన్న లిల్లీలు కావవి. అరచేతి కన్నా పెద్దగా, బూరల్లా విచ్చుకునే ఆరు రేకుల లిల్లీలు. ఒక్కో పువ్వు మధ్యలో సన్నటి కాడల మీద ఆరు పుప్పొడి తిత్తులు ఊగుతుంటాయి. పువ్వు విచ్చీ విచ్చకముందే వాటిని రెండు వేళ్ళతో పట్టి లాగేస్తే శుభ్రంగా ఊడొస్తాయి. పొద్దెక్కనిచ్చామా, పగిలి నారింజ పొడి కక్కుతాయి. రేకు మీద పడితే పువ్వు పోయె, కొనుక్కున్నవాళ్ళ బట్ట మీద పడితే బట్ట పోయె. నీళ్ళు తగిలితే ఆ మరక ఇక జన్మలో వదలదు. అందుకే ఈ పనిలో నీళ్ళ మాటే లేదు. పొడి చెయ్యి, పొడి గుడ్డ, దులపడం, అంతే. తిత్తుల్ని కింద పడేస్తే చెప్పులకంటుకుని దుకాణమంతా పాకుతుంది గనక ఎప్పటికప్పుడు ఏప్రాను జేబులో వేసుకోవాలి.

ఆమె వేళ్ళు సిగరెట్లు కాల్చేవాళ్ళ వేళ్ళలా ఉంటాయి. గోళ్ళ సందుల్లో, చర్మం గీతల్లో ఆ రంగు స్థిరపడిపోయింది. దుకాణంలో అందరికీ ఆమె పుప్పొడమ్మ. అసలు పేరు ఓనరమ్మకు కూడా చప్పున గుర్తురాదు.

పుప్పొడమ్మ కాకముందు ఆమె దర్జీ అక్కకు చెల్లెలు. అంచులు మడవడం, గుండీలు కుట్టడం ఆమె వంతు, కత్తెర అక్కది. చెల్లెలికి పెళ్ళి చెయ్యాలని అక్కా, అక్కను వదిలి పోకూడదని చెల్లెలూ అనుకుంటూ ఉండగానే ఇద్దరి జుట్టూ నెరిసింది. కుట్టిన బట్టలు కొట్టుకు వెళ్ళి కొనుక్కోవడం అందరికీ అలవాటయ్యాక, మిషను శబ్దం తగ్గింది. చెల్లెలు పూల దుకాణంలో చేరింది. మొదటివారమే జేబు చాలడం లేదని ఇంటికొచ్చి గొణిగితే, అక్క ఆ రాత్రే దళసరి గుడ్డతో ఏప్రాను కుట్టింది. మోచెయ్యి దాకా దిగే జేబు, మూలలు ఊడకుండా రెండు వరసల కుట్టు. "ఇందులో పిల్లనైనా ఎత్తుకుపోవచ్చు," అంది దారం కొరుకుతూ. ఆ తర్వాత అక్క కుట్టిన బట్టలు మరెన్నో లేవు. అలాంటిదాన్ని చెత్తలో పడెయ్యమంటే చేతులెలా వస్తాయి?

కొత్త ఏప్రాను మీద దుకాణం పేరు పెద్ద అక్షరాలతో ఉంది. జేబు మాత్రం రెండు వేళ్ళు పట్టేంత.

మధ్యాహ్నం దాటుతుండగా ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ళమ్మ పుట్టినరోజట. అద్దం దగ్గరున్న గుత్తి చూపించి ఇది కావాలంది. అంతలోనే, "అయ్యో, లిల్లీలున్నాయా? వద్దండీ, మా ఇంట్లో పిల్లుంది," అంది.

"మంచిపని చేశావమ్మా చెప్పి," అంది ఓనరమ్మ. "లిల్లీ పిల్లికి తగలకూడదు. రేకు కొరికినా అంతే, పొడి ఒంటి మీద పడి నాక్కున్నా అంతే. కిడ్నీలు పోతాయి. పుప్పొడమ్మా, దీంట్లో లిల్లీలు తీసేసి రోజాలు పెట్టు."

పుప్పొడమ్మ రెండు వేళ్ళ మధ్య ఒక తిత్తి ఉంది. అది అలాగే ఉండిపోయింది.

"పిల్లికా అమ్మా?"

"ఆ. కుక్కలకైతే కాస్త కడుపులో తిప్పుతుందట. పిల్లి మాత్రం బతకదు."

ఆమె లిల్లీలు తీసింది. రోజాలు పెట్టింది. అమ్మాయి వెళ్ళిపోయేదాకా ఆగి, బకెట్ల మీదుగా అడిగింది.

"ఇది మీకు ముందునుంచీ తెలుసామ్మా?"

"ఎందుకు తెలీదు? అడిగినవాళ్ళందరికీ చెప్తూనే ఉంటాంగా."

"నాకెప్పుడూ చెప్పలేదు."

ఓనరమ్మ రిబ్బను కత్తిరిస్తూ తలెత్తింది. ఆమె ముఖంలో కోపం లేదు, ఎగతాళీ లేదు. "నువ్వు పూలు కొనవుగా," అంది.

రిబ్బను చుట్ట పక్కన పెట్టి మళ్ళీ తనే అంది. "ఏం? మీ ఇంట్లో పిల్లుందా?"

"మా అక్కకుంది. ఒకవేళ నాకితే, డాక్టరు దగ్గరికి పట్టుకుపోతే..."

"నాకిన పూటే పట్టుకుపోయి సెలైన్ ఎక్కిస్తే బతకొచ్చంటారు. కక్కుళ్ళు అయిపోయి నీళ్ళ చిప్ప దగ్గర కూర్చుందంటే ఇంకేం లేదు. మా చెల్లెలు వాళ్ళ పిల్లి అలాగే పోయింది." కత్తెర కింద పెట్టింది. "వెళ్తావా? పెళ్ళి హాలు వాళ్ళ పూలు సాయంత్రానికి పోవాలి, అదొకటుంది. నీ చేతులంత చురుగ్గా ఇక్కడ ఎవరికీ ఆడవు."

వెళ్ళొచ్చు. ఓనరమ్మ గట్టిగా వద్దనలేదు. కానీ పుప్పొడమ్మ కదల్లేదు. బకెట్లలో ఇంకా తెల్లటి పూలున్నాయి, అవి ఉన్నంతసేపూ ఇంటికి పోనక్కర్లేదు. ఒక్కో పువ్వునీ ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతి రెండు వేళ్ళతో లాగుతూ పోయింది. మనసు మాత్రం ఇంట్లో ఉంది. ఏప్రాను పరిచేముందు కాలవ మీద దులిపింది. నాలుగుసార్లు గట్టిగానే దులిపింది. జేబు మాత్రం తిరగెయ్యలేదు. తిరగేస్తే పొడి లేచి గదంతా పడుతుందని, దుప్పట్లకు మరకలవుతాయని అనుకుంది. దొర గడ్డం తడిగుడ్డతో కడిగినా బాగుండేది. పెళ్ళికూతురి బట్టల మీద పడితే ఎలా దులుపుతారో అలా దులిపింది, మరక కాకూడదని.

హాలు వాళ్ళ వ్యాను పూలతో కదిలేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఇంటి సందు మొదట్లో ఇస్త్రీ ఆమె పెట్టెను నిలబెట్టి ఎదురొచ్చింది.

"పొద్దున నువ్వు పావురాలాయన్ని కడిగి పారేశావట కదా. నాటకం మొదలెట్టాడు పెద్దమనిషి. మీ అక్క కిటికీలోంచి పైకి చూసి నోటికొచ్చినట్టు తిడుతుంటే, తిట్లు తింటూనే దిగొచ్చి, పిల్లిని పావురాల బుట్టలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళాడు. చెయ్యనివాడికి అంత అవసరమేంటంట?"

పుప్పొడమ్మ ఆమెను దాటుకుని లోపలికి వెళ్ళింది. ఇస్త్రీ ఆమె వెనకాలే వచ్చింది.

పావురాలాయన స్టూలు మీద కూర్చున్నాడు. బుట్ట ఆయన మోకాళ్ళ మీద, అక్కకు అందేలా మంచం వైపు వంచి ఉంది. మూత తీసి ఉంది. అక్క ఎడమ చేయి మణికట్టు దాకా అందులో ఉంది. కదలడం లేదు.

"వెళ్ళేటప్పుడు ఊగింది బుట్ట," అన్నాడాయన లేచి నిలబడకుండానే. "వచ్చేటప్పుడు ఊగలేదమ్మా. నా నడకే మెల్లగా ఉందేమో అనుకున్నాను."

ఫ్యాను తిరుగుతోంది.

"డాక్టరమ్మ ఒకటే అడిగింది," ఆయనే మళ్ళీ అన్నాడు. "ఇంట్లో లిల్లీ పూలున్నాయా అని. గడ్డం కింద ఏదో పొడి కనబడిందట. ఆ ఇంట్లో పూలకుండీ కూడా లేదండీ అన్నాను. అబద్ధం కాదుగా?"

"పూలంట, పూలు!" అంది ఇస్త్రీ ఆమె గుమ్మం దగ్గర్నించి. "పూలు చూసి పిల్లి చచ్చిపోతుందా? వినేవాళ్ళుంటే సరి!"

అక్కడితో సరిపోయేది. ఆ ఇంట్లో వాళ్ళందరూ ఇస్త్రీ ఆమె మాటే నమ్మేవారు. పావురాలాయన నాలుగు రోజులు తల వంచుకుని తిరిగి, తర్వాత అలవాటు పడేవాడు. అక్క పైకి చూసి తిట్టుకోవడానికి ఒక మనిషైనా మిగిలేవాడు. పుప్పొడమ్మకు ఇదంతా ఒక్క క్షణంలో తోచింది. బుట్టలో తెల్లటి ఛాతీ కొద్దిగా కనిపిస్తోంది. పొద్దున ఆయన పావురం తల మీద కప్పిన అరచెయ్యి ఇప్పుడు బుట్ట అంచు మీద ఉంది.

"ఆయనేం పెట్టలేదు," అంది.

మంచం కాళ్ళవైపు నుంచి ఏప్రాను తీసింది. మధ్యలో దొర చేసుకున్న గుంట ఇంకా అలాగే ఉంది. జేబులోకి చెయ్యి పెట్టి, అడుగు పట్టుకుని, బయటికి తిరగేసింది. రెండు వరసల కుట్టు సందుల్లోంచి నారింజ పొడి రాలి, పొద్దున మార్చిన దుప్పటి మీద పడింది.

"నేనే పెట్టాను. వాడు నీ దగ్గరే ఉంటాడని."

ఇస్త్రీ ఆమెకు పొయ్యి మీద ఏదో గుర్తొచ్చింది. పావురాలాయన ఆ పొడిని చూశాడు, పుప్పొడమ్మ చేతుల్ని చూశాడు, తర్వాత ఎటూ చూడలేదు. బుట్ట మూత వేసి, తాడు కట్టి, "వెనక గోడ పక్కన మట్టి మెత్తగానే ఉంటుంది," అన్నాడు. తనే తవ్వాడు. బుట్టతోనే పెట్టేద్దామన్నాడు, ఆ బుట్టలో పావురాలు ఇక కూర్చోవట. పుప్పొడమ్మ మట్టి తోసింది. పొద్దున్న అన్న మాటకు ఏదైనా చెప్పాలని నోరు తెరిచింది గానీ, ఆయన అప్పటికే మెట్లెక్కుతున్నాడు, మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ.

కుళాయి దగ్గర చేతులు తోముకుంది. సబ్బుతో తోమింది, మట్టితో తోమింది, బండకేసి రాసింది. చర్మం ఎర్రబడింది. గీతల్లో రంగు గీతల్లోనే ఉంది.

లోపలికొచ్చి రోజూ చేసే పనే చేసింది. పట్టె మీద మోకాలు ఆనించి, ఊపిరి బిగపట్టి, అక్కను గోడకేసి తిప్పింది. పొడి పడిన దుప్పటి లాగేసింది. వేరేది పరిచింది. వీపు తుడవబోయి, తన చేతుల వైపు చూసుకుని, గుడ్డను మరో మడత వేసి పట్టుకుంది. అక్క ఒక్క తిట్టయినా తిట్టలేదు. ఇటు తిప్పి పడుకోబెట్టాక, అక్క ఎడమ చేయి అలవాటుగా పక్కకు వెళ్ళింది. అక్కడ వీపు లేదు. తడుముకుంటూ మంచం అంచున వేలాడుతున్న ఏప్రానును పట్టుకుని మీదికి లాక్కుంది. బొటనవేలు జేబు కుట్టు వెంట మెల్లగా నడిచింది, ఎక్కడైనా దారం వదులైందా అని చూస్తున్నట్టు. ఎక్కడా వదులు కాలేదు. గట్టి కుట్టు.

చెల్లెలు నేల మీద చాప పరిచి, దీపం ఆర్పకుండా కూర్చుంది. మంచం కింద నీళ్ళ చిప్ప నిండుగా ఉంది.

"ఇంకో పిల్లిని తెస్తానక్కా," అంది. "చిన్నదాన్నే తెస్తాను. నీకు తొందరగా అలవాటవుతుంది."

అక్క బొటనవేలు కుట్టు మీద ఆగింది.

"ఏ చేతుల్తో తెస్తావే?"